ఎడమకాలి కింద చప్పుడు

మేడమీది గది నుంచి,
సోమవారం

చెల్లికి,

నువ్వు పంపిన సైకిలు టిక్కుమంటోంది.

ఫోను చేసి చెప్పొచ్చు. కాని నేను గొంతు పెంచగానే నువ్వు ఫోను పెట్టేస్తావు. ఉత్తరమైతే అలా కుదరదు. చించి పారేసినా, చించేముందు ఓసారి చదువుతావు. అందుకని రాస్తున్నాను.

ఎడమకాలు కిందికి దిగినప్పుడు ఒక టిక్కు. గాజుగ్లాసు మీద గోటితో కొట్టినట్టు సన్నగా, బాగా పైస్థాయిలో. చదునుదారిలో ఉండీ ఉండీ వస్తుంది. మా ఇంటి ముందు మెరక ఎక్కుడు మొదలైందంటే ఇక తొక్కు తొక్కుకీ వస్తుంది. నా పనేమిటో నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పియానో శ్రుతి చెయ్యడానికి కూర్చునేసరికి నా చెవి ఖాళీగా ఉండాలి. వేలితో నొక్కే ఒక్కో మెట్టుకు మూడేసి తీగలు. మూడూ ఒక్కటిగా పలకకపోతే మధ్యలో ఒక వణుకు పుడుతుంది. ఆ వణుకును పట్టుకుని, తీగ బిగించి, దాన్ని చంపడమే నా బతుకు. అలాంటిది, ఇంటి నుంచి పనికి వెళ్ళేదాకా నీ సైకిలు నా చెవిలో మేకులు దిగ్గొడుతోంది. నిన్న ఒకరి ఇంట్లో పియానో మూత తీసి కూర్చుంటే, తొక్కకపోయినా టిక్కు వినిపిస్తూనే ఉంది.

వీధి చివర రిపేరువాడికి చూపించాను. సైకిలు తలకిందులు చేసి పెడలు చేత్తో తిప్పాడు. కిక్కురుమనలేదు.

"ఏం లేదు సార్, బాగానే ఉంది" అన్నాడు.

"నేనెక్కితేనే వస్తుందయ్యా" అన్నాను.

"అయితే మీరు ఎక్కకండి సార్" అన్నాడు.

స్కూటరు అమ్మేసి సైకిలు తొక్కమన్నది నువ్వు. మోకాళ్ళకు మంచిదన్నది నువ్వు. "నా షాపులో నా చేత్తో బిగించి పంపుతాను, నీ జన్మలో దానికి స్పానరు పెట్టక్కర్లేదు" అన్నదీ నువ్వే. నా జన్మ ఇంకా అవలేదు. వచ్చి నెలే అయింది.

ఏం చెయ్యాలో వెంటనే రాయి.

అన్న


సైకిల్ షాపు నుంచి

అన్నయ్యకి,

ఉత్తరం చేరింది. చించలేదు. షాపులో కూర్చుని చదివి, పక్కనున్న కొనుగోలుదారుకు వినిపించి ఇద్దరం నవ్వుకున్నాం. "మీరు ఎక్కకండి సార్" అన్నవాడికి నా షాపులో ఎప్పుడైనా పని ఇస్తాను.

ఇక కోపం సంగతి. ఆ సైకిలు ఫ్రేము నేను ఎంచుకున్నాను. చక్రాలు నేను అల్లాను. సీటు, పెడళ్ళు, గొలుసు అన్నీ కొత్తవి వేసి, షాపు చుట్టూ నేనే తొక్కి చూసి లారీ ఎక్కించాను. అప్పుడు ఏ టిక్కూ లేదు. నీ దగ్గరికి వచ్చిన ప్రతిదీ నెలలో ఏడుపు మొదలుపెడుతుంది, ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచీ.

అయినా విను. సైకిలు చప్పుడులో ఒక మోసం ఉంది. ఇనప గొట్టాల్లో చప్పుడు ప్రయాణం చేస్తుంది. ఎక్కడ వినబడిందో అక్కడే పుట్టిందని నమ్మకూడదు. కాలి కింద వినబడేది హ్యాండిల్‌లో పుట్టి ఉండొచ్చు. ఊహించి లాభం లేదు, ఒక్కొక్కదాన్నీ తప్పించుకుంటూ రావాలి. వాలులో కాళ్ళు కదపకుండా ఊరికే పోనీ. చప్పుడు ఆగితే చక్రాల తప్పు కాదు. తరవాత ఒంటికాలితో తొక్కు, ముందు కుడి, తరవాత ఎడమ. చివరగా ఎక్కుడులో సీటు మీంచి లేచి, నిలబడి తొక్కు. ఇది ముఖ్యం. నిలబడ్డప్పుడు చప్పుడు పోతే తప్పు సీటుది, పోకపోతే పెడలుది.

ఈ మూడూ చేసి ఏమైందో రాయి. తిట్లు ఆ తరవాత రాసుకో.

చెల్లి


మేడమీది గది నుంచి

చెల్లికి,

నీ మాట విని వీధిలో నవ్వులపాలయ్యాను.

వాలులో కాళ్ళు కదపకుండా పోతే చప్పుడు లేదు. కుడికాలితో తొక్కితే లేదు. ఎడమకాలితో తొక్కితే ఉంది. ఎదురింటి టైలరు మిషను ఆపి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "కుడికాలికి ఏమైందండీ" అని అడిగాడు. ఏమీ కాలేదన్నాను. ఇంకో రౌండు కొట్టేసరికి వాళ్ళావిణ్ణి కూడా పిలిచాడు. అరవై ఏళ్ళవాణ్ణి, ఒక కాలు గాల్లో పెట్టి వీధంతా తిరుగుతుంటే వాళ్ళేమనుకుంటారు? మీ వదిన లోపలికి రమ్మని కిటికీలోంచి సైగలు. రమ్మంటున్నది నన్నో, చూస్తున్న వీధినో నాకు తెలీలేదు.

నిలబడి తొక్కినా అంతే. చప్పుడు పోలేదు. కాబట్టి పెడలే.

తొందరగా తేల్చు. వచ్చే నెల ఊళ్ళో పెద్ద హాల్లో కచేరీ ఉంది. బయటినుంచి ఒక పియానో విద్వాంసురాలు వస్తోంది. హాలు మేనేజరు నా దగ్గరికొచ్చి "మీరు తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు" అన్నాడు. ఆ పని టిక్కు టిక్కు మధ్య చెయ్యలేను.

అన్న


సైకిల్ షాపు నుంచి

అన్నయ్యకి,

పార్శిలులో కొత్త ఎడమ పెడలు, గ్రీజు, స్పానరు ఉన్నాయి. ఎడమ పెడలుకు మర తిరకాసుగా ఉంటుంది. అన్నీ ఎటు తిప్పితే ఊడతాయో ఇది అటు తిప్పితే బిగుస్తుంది. బలం చూపించకు. మర చెడితే పెడలు బిగించే ఇనపచెయ్యి, ఆ క్రాంకు మొత్తం మార్చాలి. నీకు ఒకసారి చెబితే అర్థం అవుతుందిలే. నాన్న పియానో తీగ ఎటు తిప్పాలో చెప్పినప్పుడు నీకు ఒక్కసారికే వచ్చేసేది. గుమ్మం బయట నిలబడి నేనూ వినేదాన్ని కాబట్టి తెలుసు.

ఊడదీసిన పాత పెడలు నాకు పంపు. చెడిందెక్కడో చూస్తాను. చెడిన వస్తువు నా షాపులోంచి వెళ్ళిందంటే నాకు అన్నం సయించదు.

చెల్లి


మేడమీది గది నుంచి

చెల్లాయికి,

దొంగ దొరికాడు. నీ పెడలే.

నీ పార్శిలు వచ్చిన రోజే నాకు జ్వరం పట్టుకుంది. జలుబు, తల దిమ్ము, లేచి నిలబడితే గది గిర్రున తిరగడం. వారం పైగా మంచం మీదే. లేచాక మొట్టమొదట చేసిన పని పెడలు మార్చడం. తిరకాసు మర గుర్తుపెట్టుకుని సుబ్బరంగా బిగించాను. వీధి చివరిదాకా తొక్కాను. చప్పుడు లేదు. ఎక్కుడు ఎక్కాను. లేదు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. వీధి మొత్తం దూది పరిచినట్టుంది. టైలరు మిషను కూడా ఈ మధ్య మెత్తగా తిరుగుతోంది, నూనె వేసినట్టున్నాడు.

నువ్వు ఫోను చేశావని మీ వదిన చెప్పింది. నా గొంతు ఇంకా బాగుపడలేదు, అందుకే ఆవిడకిచ్చాను. ఏమీ అనుకోకు.

పాత పెడలు ఇందులో పెట్టి పంపుతున్నాను. గాజుపెట్టెలో పెట్టి, "నేను చెడ్డ వస్తువు అమ్మాను" అని కింద రాసి, షాపులో అందరికీ కనిపించేలా పెట్టుకో.

రేపు హాలు పియానో పని. చెవి ఖాళీగా ఉంది. బ్రహ్మాండంగా చేస్తాను చూడు.

గెలిచిన అన్న


సైకిల్ షాపు నుంచి

అన్నయ్యకి,

పెడలు విప్పాను. లోపల బేరింగు గుళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇరుసు వంగలేదు. గ్రీజు నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. నా సైకిలుకి బిగించుకుని నాలుగు రోజులుగా తొక్కుతున్నాను. ఒక్క టిక్కు లేదు.

అంటే చప్పుడు ఈ పెడలులో లేదు. మరి కొత్తది వేయగానే ఎక్కడికి పోయింది? దానంతటదే పోయే చప్పుడు నేనింతవరకు చూడలేదు. ఇంకోసారి జాగ్రత్తగా విను.

నిన్న మళ్ళీ ఫోను చేశాను. నువ్వే ఎత్తి, "హలో, ఎవరూ, ఎవరూ" అని పెట్టేశావు. మా లైను బాగానే ఉంది.

కచేరీ ఎలా జరిగింది?

చెల్లి


మేడమీది గది నుంచి

చెల్లికి,

కచేరీ ఎలా జరిగిందా? నేను లేకుండా జరిగింది.

మధ్యాహ్నం ఆ విద్వాంసురాలు సాధన చెయ్యడానికి కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను. కిందనుంచి పైకి చకచకా వాయించుకుంటూ పోయి, కుడిచివర మెట్ల దగ్గర ఆగింది. ఒక మెట్టు కొట్టింది. మళ్ళీ కొట్టింది. పక్కది కొట్టింది. తల తిప్పి మేనేజరుతో "ఇది ఎవరు శ్రుతి చేశారు?" అంది. నా వైపు చూడను కూడా చూడలేదు. "నేనేనమ్మా, బాగానే ఉంది కదా" అన్నాను. అప్పుడు చూసింది. నేను తాగి వచ్చానేమో అన్నట్టు చూసింది.

"పైన రెండు సప్తకాలూ కీచుమంటున్నాయి, మీకు వినబడటం లేదా?" అంది.

చెల్లీ, ముప్ఫై ఏళ్ళుగా ఆ పియానో నా చేతిలో ఉంది. దాని చెక్క పగిలినప్పుడు నేను అతికించాను. ఆ మేనేజరు పుట్టకముందునుంచీ, కనీసం ఉద్యోగంలో చేరకముందునుంచీ దాన్ని చూస్తున్నాను. వాడు నన్ను పక్కకు పిలిచి "మీరు ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి, జ్వరంనుంచి లేచారు కదా" అన్నాడు. ఆ గొంతులో జాలి ఒకటి. తరవాత శ్రుతి కొలిచే మీటరుపెట్టె పట్టుకుని తిరిగే కుర్రాడొకణ్ణి పిలిపించాడు. ముల్లు ఎక్కడ నిలబడితే అక్కడ తీగ బిగించేవాడు. వాడికి చెవితో పనేముంది?

హాల్లో చలిమిషను ఎక్కువ పెట్టారు. చలికి తీగలు కుంచించుకుపోయి ఉంటాయి. నేను చేసినప్పుడు బాగున్నాయి. నాకు తెలుసు.

ఇంటికొస్తే మీ వదిన ఇంకొకటి. గేటు తీసే లోపలే టీ కలిపి తెచ్చింది. "నేనొస్తున్నట్టు ఎలా తెలిసింది?" అన్నాను. "రోజూ తెలిసినట్టే. మలుపు దగ్గరే మీ సైకిలు టిక్కుమంటుందిగా" అంది. పోయిందని చెప్పాను కదా అన్నాను. "ఎవరికి పోయింది? నాకు రోజూ వినబడుతూనే ఉంది" అంది. ఆవిడకి చెవులు మోగుతున్నాయి. అందరూ కలిసి నాకు పిచ్చి పట్టిస్తున్నారు.

నువ్వైనా నా పక్కన ఉండు.

అన్న


సైకిల్ షాపు నుంచి

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడు రోజులు దగ్గర పెట్టుకున్నాను. దీనికి జవాబు వదినతో చెప్పించొచ్చు. అది పిరికితనం. నేనే రాస్తున్నాను.

వదిన చెవులు మోగడం లేదు. హాలు చలిమిషను తప్పూ కాదు. టైలరు మిషనుకు నూనె వెయ్యలేదు. నీ జ్వరం తరవాత సన్నటి చప్పుళ్ళు నీ దాకా రావడం లేదు. టిక్కు, పియానో పైమెట్లు, ఫోన్లో నా గొంతు, అన్నీ ఆ జాతివే. సైకిలు బాగుపడలేదు అన్నయ్యా. నీకు వినబడటం మానేసింది.

తప్పయితే నన్ను తిట్టు, సంతోషంగా పడతాను. ఒక్క పని చెయ్. చెవి డాక్టరు దగ్గరికెళ్ళు. రేపే వెళ్ళు. ఇలాంటివాటికి ఆలస్యం మంచిది కాదంటారు.

చెల్లి


మేడమీది గది నుంచి

సైకిల్ షాపు యజమానురాలికి,

తమరి వైద్యసలహా అందింది. పెడలు బిగించినంత తేలిగ్గా నా చెవుల సంగతి కూడా తేల్చేశారు. అంతదూరం నుంచి, నన్ను చూడకుండా, నా మాట వినకుండా.

నాకు తెలీదనుకోకు. చిన్నప్పటినుంచీ నీ కళ్ళు నా పని మీదే. నాన్న నాకు నేర్పుతుంటే గుమ్మం దగ్గర మొహం మాడ్చుకుని నిలబడేదానివి. నీకు ఇవ్వలేదని ఆ ఏడుపు ఇన్నేళ్ళు మోశావు. ఇప్పుడు నా పని పోతోందంటే నీకు లోపల ఎక్కడో చల్లగా ఉంది. అందుకే అంత ధైర్యంగా రాశావు. "నీకు వినబడటం మానేసింది." ఆ వాక్యం రాసేటప్పుడు చెయ్యి వణికిందా కనీసం?

నా చెవులు బాగానే ఉన్నాయి. ఇక ఉత్తరాలు రాయకు.

పేరు రాసుకోవడం కూడా దండగ


సైకిల్ షాపు నుంచి

అన్నగారికి,

రాయకు అన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇది మాత్రం పూర్తిగా చదువు.

అవును, నిలబడ్డాను. గుమ్మం దగ్గర, మొహం మాడ్చుకుని, ప్రతిరోజూ. నువ్వు లోపల తీగ బిగిస్తుంటే నాన్న "ఇంకా, ఇంకా" అనేవాడు. ఆయన ఆపమనడానికి ముందే నాకు తెలిసేది అక్కడ ఆగాలని. ఒకరోజు నోరు జారి "చాలు" అన్నాను. ఇద్దరూ తలతిప్పారు. నాన్న నా వైపు చూసి, "సరిగ్గా చెప్పింది" అన్నాడు. తరవాత లేచొచ్చి తలుపు వేశాడు. నువ్వు తల వంచుకుని తీగ మీద పనిలో పడ్డావు. నీకు గుర్తుండదు. తలుపు నీ మొహం మీద పడలేదు కదా.

ఆ పని అప్పుడు కావాల్సింది నాకు. ఎంత కావాల్సిందో నీకు చెప్పడానికి ఒక ఉత్తరం చాలదు. ఇప్పుడు అక్కర్లేదు. నాకో షాపు ఉంది. నేను అల్లిన చక్రం మీద ఊళ్ళో సగంమంది తిరుగుతున్నారు. నీ పని పోతే నాకు చల్లగా ఉంటుందన్నావు చూడు, ఆ మాటకు నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెంప పగలగొట్టాలనుంది. నా అన్న చెవి పోయిందని తెలిసి నేను షాపు షట్టరు దించేసి లోపల కూర్చున్నాను. అది నీకు చెప్పాలనుకోలేదు. చెప్పించావు.

వదినతో మాట్లాడాను. నీ మోచేతికి తగిలిన దెబ్బ సంగతి చెప్పింది. జారిపడ్డానన్నావట. జారలేదు. వెనకనుంచి ఒకమ్మాయి సైకిలు గంట కొట్టుకుంటూ వచ్చింది, నువ్వు చూడకుండా పక్కకు తిరిగావు, ఇద్దరూ పడ్డారు. టైలరు చెప్పాడట ఆవిడకి. ఆ పిల్ల లేచి దులుపుకుని వెళ్ళింది. రేపు గంట బదులు లారీ వస్తే? నీ పౌరుషం కోసం వదిన ఒంటరిదవ్వాలా?

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ ఎక్కుడు పరీక్షలో నువ్వు సీటు మీంచి లేవనేలేదట. మోకాలు నొప్పి, నిలబడి తొక్కలేవు. తొక్కానని నాకు రాశావు. ఆ ఒక్క అబద్ధంతో నన్ను నెలంతా పెడళ్ళ చుట్టూ తిప్పావు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా నీతో మాటల్లేవు.

చెల్లి


మేడమీది గది నుంచి

చెల్లికి,

వెళ్ళాను.

చిన్న గది. గోడలకు మెత్తలు. చెవులకు తగిలించేవి తగిలించి, వినబడగానే వేలెత్తమన్నాడు డాక్టరు. మొదట ఎత్తుతూనే ఉన్నాను. కింది స్వరాలు, మధ్య స్వరాలు. వాటి స్థాయి కూడా చెప్పాను, ఆయనకు అక్కర్లేకపోయినా. తరవాత నిశ్శబ్దం. యంత్రం చెడిందేమో అనుకున్నాను. అద్దంలోంచి చూస్తే ఆయన చెయ్యి మీట తిప్పుతూనే ఉంది. మీ వదిన ఆయన పక్కన నిలబడి ఉంది. ఆవిడ మొహం చూశాక తెలిసింది, ఆ చప్పుడు బయటికి కూడా వినబడుతోందని. అప్పటికీ నా వేలు లేవలేదు.

జ్వరంతోనే జరిగిందట. వెంటనే వస్తే కొంత తిరిగొచ్చేదేమో, ఇప్పుడు రాదట. మాటలు వినబడతాయి. పైవి రావు. ఆయన ఇదంతా మెల్లగా, పెద్దగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. కొట్టాలనిపించింది.

నువ్వు చెప్పింది నిజం. అందుకు నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. తలుపు సంగతి నాకు గుర్తుంది. గుర్తులేదని నువ్వెలా రాశావు?

బడివాళ్ళు కబురు చేశారు. వాళ్ళ పియానో సెలవుల్లో చెయ్యాలి. కుదరదని చెప్పబోతున్నాను.

అన్న


సైకిల్ షాపు నుంచి

అన్నయ్యా,

బడివాళ్ళకు కుదరదని చెప్పకు. గురువారం నాకు షాపు సెలవు. బుధవారం సాయంత్రం బస్సెక్కుతున్నాను.

జాలిపడి వస్తున్నాననుకోకు. నీ మీద కోపం నాకు అలాగే ఉంది, ఉత్తరాల్లో సగమే అన్నాను, మిగతాది వచ్చి అంటాను. స్పానర్లు తెస్తున్నాను. సైకిలుకి తాళం వేసి ఉంచు, నేనొచ్చేదాకా ఎక్కకు.

ఆ పియానో దగ్గర నువ్వు తిప్పు. నేను వింటాను.

చెల్లి


మేడమీది గది నుంచి

చెల్లాయికి,

క్షేమంగా చేరావని వదినకు ఫోన్లో చెప్పావట. బస్సు దగ్గర మనం మాట్లాడుకోలేదు. నీ వల్లో నా వల్లో తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట సైకిలు. గేటు దగ్గర నన్నెక్కించి, గోడ పట్టుకుని ఎడమపక్కకు ఊగమని, నువ్వు కింద కూర్చుని సీటు అడుగున చెయ్యి పెట్టావు. "ఇదిగో" అన్నావు. నాకేం వినబడలేదు. నా వేలు పట్టుకుని ఎడమ స్ప్రింగు మీద పెట్టావు. ఊగాను. వేలికొసకు తగిలింది, చిన్నగా, స్పష్టంగా, గోటితో కొట్టినట్టు. స్ప్రింగు లోపలి మలుపులో వెంట్రుకంత పగులు. చెవికి అందనిది వేలికి అందింది. నాకు ఏడుపొచ్చింది, నువ్వు చూడలేదు. "ఈ స్ప్రింగు నేను బిగించిందే, చూసుకోలేదు" అని నువ్వు గొణిగావు. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని నిన్ను నెలరోజులు ఏడిపించేవాణ్ణి.

బడి పియానో. కుర్చీలన్నీ గోడకు పేర్చిన ఆ ఖాళీ గదిలో మనిద్దరం ఎంత అరుచుకున్నాం. నేను "అయిపోయింది" అంటే నువ్వు "కాలేదు". నేను "ఎక్కువవుతుంది" అంటే నువ్వు "ఇంకా రావాలి". ఒకచోట నేను తీగలు బిగించే తాళం నేలకేసి కొట్టి బయటికి వెళ్ళిపోయాను. వరండాలో నిలబడ్డాను. లోపల నువ్వు ఒక్కదానివే ఆ మెట్టు కొడుతున్నావు, మళ్ళీ మళ్ళీ. మెట్టు కొయ్య అడుగుకు తగిలే చప్పుడు మాత్రమే నాకు వినబడుతోంది. దాని స్వరం వినబడలేదు. కిటికీలోంచి చూశాను. కళ్ళు మూసుకుని, తల కొంచెం వాల్చి వింటున్నావు. నాన్న అలాగే వాల్చేవాడు. నాకు అది రాలేదు, ఎంత ప్రయత్నించినా. నేను బిగించడం నేర్చుకున్నాను. వినడం నువ్వు పుట్టుకతో తెచ్చుకున్నావు. ఆయనకు తెలుసు. "సరిగ్గా చెప్పింది" అన్నది ఆయనే. తెలిసి తలుపు వేశాడు.

అప్పుడు కోపం వచ్చింది చూడు, ఈ నెలల్లో నీ మీద, మేనేజరు మీద, డాక్టరు మీద వచ్చిందంతా దానిముందు దేనికీ కొరగాదు. ఆయన ఉండుంటే నేరుగా వెళ్ళి అడిగేవాణ్ణి. ఇద్దరికీ నేర్పితే నీ సొమ్మేం పోయేది నాన్నా అని. లోపలికొచ్చి తాళం తీసుకున్నాను. "ఎంత?" అన్నాను. "వెంట్రుకవాసి" అన్నావు. తిప్పాను. "చాలు" అన్నావు. ఆగాను.

ఇక అసలు సంగతి. నిన్న ఆ బడి సంగీతం టీచరు ఇంటికి వచ్చింది. పైమెట్లు ఇంత శుభ్రంగా పలకడం తానెప్పుడూ వినలేదని చెప్పింది. ఎప్పుడూ అంటే, నాకు చెవులు ఉన్నప్పుడు కూడా అన్నమాట. నవ్వుతూ తల ఊపాను, పళ్ళు కొరుక్కుంటూ. ఆవిడ ద్వారా తెలుసుకుని ఇవాళ హాలు మేనేజరు వచ్చాడు. మీటరు కుర్రాడు చేసినదీ ఆ విద్వాంసురాలికి నచ్చలేదట. మళ్ళీ వచ్చేనెల ఇంకో కచేరీ ఉందట, మీరూ మీ చెల్లెలూ కలిసి చేస్తారా అని అడిగాడు. చేస్తామన్నాను. నిన్ను అడగకుండా మాటిచ్చాను, తిట్టదలుచుకుంటే తిట్టు. పని గురువారమే పెట్టించాను.

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఇంతకీ ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" అన్నాడు.

"మా నాన్న దగ్గర" అన్నాను. "నాకంటే ఆవిడకే ఎక్కువ నేర్పాడు."

ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు.

అన్న